పాతరగడ్డి రసములోని పులుపును విద్యుచ్ఛక్తితో వేరుచేయుట

పాతర వేసిన పచ్చిమేతను తెరచినపుడు వచ్చు పుల్లని వాసన పశువులను పెంచు రైతులందరికి తెలిసినదే. పాతర అడుగున ఊరి బయటకు పారు గోధుమరంగు రసమును కూడ చూచియే యుందురు. ఒక గ్రామములో పాతరగడ్డి తయారుచేయు పద్ధతిని వివరించిన పిమ్మట ఒక పెద్ద రైతు లేచి ఇట్లడిగిరి: "అయ్యా, ఈ రసంలో ఉన్న పులుపునే మందులకూ మిఠాయిలకూ వాడుతున్నారని విన్నాం. కరెంటుతో దాన్ని తీసే మిషను వచ్చిందట. మేం నలుగురం కలిసి పెట్టుకుంటే గిట్టుతుందా?"

ప్రశ్న మంచిది. ఆనాడు వేళ మించినందున క్లుప్తముగ బదులు చెప్పవలసి వచ్చినది. ఆ పులుపు ఏమి, దానిని కరెంటు ఎట్లు వేరుచేయును, ఆ పనిలో రైతునకు వచ్చునదేమి, పోవునదేమి అను విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

పులుపు ఎట్లు పుట్టును?

పాలు తోడుకొని పెరుగగునపుడు సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగ మార్చును. స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షీలే 1780 సంవత్సరములో ఈ ఆమ్లమును పులిసిన పాల నుండియే వేరుచేసెను. గాలి చొరకుండ త్రొక్కి కప్పిన పాతరలోను ఇదే పని జరుగును. పచ్చిమేతలోని చక్కెరను తిని సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. పులుపు పెరిగి ఉదజని సూచిక 4 దరిదాపులకు దిగగానే మేతను కుళ్ళజేయు జీవులు పెరుగజాలవు. అందుచేతనే మేత నెలల తరబడి నిలువయుండును. బాగుగ మాగిన పాతరగడ్డిలో ప్రతి 100 కిలోల ఎండు పదార్థమునకు సుమారు 4 నుండి 8 కిలోల లాక్టిక్ ఆమ్లముండును.

ఈ ఆమ్లమును ఆహార పదార్థములకు పులుపు నిచ్చుటకు, మందుల తయారీలో, తోళ్ళ పరిశ్రమలో వాడుదురు. దీని నుండి ఒక విధమైన ప్లాస్టిక్కును కూడ చేయుచున్నారు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున బ్లెయిర్ అను ఊరిలో మొక్కజొన్న నుండి ఈ ప్లాస్టిక్కును తయారుచేయు పెద్ద కర్మాగారము 2002 లో పని ప్రారంభించినది. కనుక పులుపునకు గిరాకి కలదనుట నిజమే. చిక్కంతయు దానిని శుభ్రముగ బయటకు తీయుటలో నున్నది.

పాత పద్ధతి: సున్నము, గంధకామ్లము

సారాను కాచి దింపవచ్చును. ఏలయనగా అది నీటికంటె ముందుగ ఆవిరియగును. లాక్టిక్ ఆమ్లము అట్లు కాదు. రసమును కాచిన నీరు మాత్రమే పోయి, ఆమ్లము, చక్కెర, లవణములు, మాంసకృత్తులు అన్నియు కలిసి అడుగున పాకమై మిగులును.

ఇంకొక చిక్కు కూడ కలదు. పులుపు హెచ్చిన కొలది ఆ పులుపును పుట్టించు సూక్ష్మజీవులే నీరసించిపోవును. అందుచేత కర్మాగారములలో తొట్టెలోనికి ఎప్పటికప్పుడు సున్నమును వేసి పులుపును విరుచుదురు. అపుడు కాల్షియం లాక్టేటు అను లవణమేర్పడును. ఆ పిమ్మట దానికి గంధకామ్లమును కలిపినచో ఆమ్లము విడివడును. సున్నము జిప్సంగా మారి అడుగునకు దిగును.

ఈ పద్ధతి నమ్మకమైనదే గాని, దాని ఖర్చును చూడుడు. రసాయన శాస్త్రపు లెక్క ప్రకారము 1000 కిలోల లాక్టిక్ ఆమ్లమును తీయుటకు సుమారు 410 కిలోల తడి సున్నము, 545 కిలోల గంధకామ్లము కావలెను. చివరకు 955 కిలోల జిప్సం మిగులును. అనగా టన్ను సరకునకు ఇంచుమించు టన్ను మడ్డి యన్నమాట.

జిప్సం మనకు పనికివచ్చునదే గదాయని రైతులనవచ్చును. వేరుసెనగకు ఎకరమునకు 200 కిలోల చొప్పున పూతదశలో వేయుట, చౌడు భూములను బాగుచేయుట మనమెరిగినవే. కాని కర్మాగారపు జిప్సంతో పులిసిన రసపు మురికి కూడ కలిసియుండును. అన్ని వేల టన్నులను ఎండబెట్టి, శుభ్రపరచి, దూరపు పొలములకు చేర్చుట తేలిక కాదు. కావుననే సున్నము, గంధకామ్లము లేకుండ ఆమ్లమును తీయు ఉపాయమును శాస్త్రజ్ఞులు వెదకిరి. ఆ ఉపాయములలో నొకటి కరెంటుతో పనిచేయు పొరల యంత్రము.

నేలలో జరుగునదే యంత్రములోను

ఈ యంత్రము కొత్తదైనను దాని కీలకము మన పొలములోనే కలదు.

ఉప్పు నీటిలో కరగినపుడు రెండు విధములైన రేణువులుగ విడిపోవును. ఒకటి ధనవిద్యుత్తు గలది, రెండవది ఋణవిద్యుత్తు గలది. వీనినే అయానులందురు. సోడియం, పొటాషియం, కాల్షియం, ఉదజని ధన అయానులు. క్లోరైడు, నైట్రేటు, లాక్టేటు ఋణ అయానులు. చక్కెరకు ఇట్టి విద్యుత్తు లేదు. అది కరగినను అయానులుగ విడిపోదు.

నల్లరేగడిలోని బంకమన్ను రేణువులపై ఋణవిద్యుత్తు స్థిరముగ నుండును. అందుచేత అవి కాల్షియం, పొటాషియం వంటి ధన అయానులను పట్టియుంచుకొనును. నైట్రేటు వంటి ఋణ అయానులను దరిచేరనీయవు. పెద్దవానకు యూరియా నుండి పుట్టిన నైట్రేటు కొట్టుకొనిపోయి, పొటాషు మాత్రము చాలవరకు నిలుచుటకు కారణమిదియే. చౌడు నేలకు జిప్సం వేసినపుడు కాల్షియం వచ్చి సోడియమును తోసివేయుట కూడ ఈ అయానుల మార్పిడియే.

ఇపుడు బంకమన్ను వలె ఋణవిద్యుత్తు స్థిరముగ నున్న పలుచని ప్లాస్టిక్ పొరను ఊహించుకొనుడు. అది ధన అయానులను మాత్రము తనగుండ పోనిచ్చును. దీనికి సరిగ ఎదురైన పొర, అనగా ధనవిద్యుత్తు స్థిరముగ నున్నది, ఋణ అయానులను మాత్రము పోనిచ్చును. ఈ రెండు పొరలే యంత్రమునకు మూలము.

యంత్రము పనిచేయు తీరు

వరుసగ మళ్ళు కట్టిన పొలమును తలచుకొనుడు. మడికి మడికి నడుమ గట్టు కలదు. ఒక గట్టు ధన అయానులకు మాత్రము దారి యిచ్చును; దాని తరువాతి గట్టు ఋణ అయానులకు మాత్రము దారి యిచ్చును. ఇట్లు ఒకటి విడిచి ఒకటిగా గట్లుండును. పొలము ఒక కొనను బ్యాటరీ ధనధ్రువము, రెండవ కొనను ఋణధ్రువము ఉంచినామనుకొనుడు.

కరెంటు పెట్టగానే ధన అయానులు ఋణధ్రువము వైపునకు, ఋణ అయానులు ధనధ్రువము వైపునకు కదలును. పులుపు రసము నింపిన మడి నుండి రెండు విధముల అయానులును తమకు దారి యిచ్చు గట్లగుండ చెరియొక ప్రక్కకు వెడలిపోవును. ప్రక్క మడిని దాటబోవుసరికి వానికి దారి యీయని గట్టు ఎదురగును, అచ్చటనే నిలిచిపోవును. ఇట్లు ఒక మడి విడిచి ఒక మడిలో లవణము కూడుచుండును. చక్కెర, మాంసకృత్తులు వంటివి రసపు మడిలోనే మిగిలిపోవును. నిజమైన యంత్రములో ఈ మళ్ళు మిల్లీమీటరు వెడల్పునకు మించవు. వందల కొలది పొరలను దొంతరగ పేర్చి బిగించుదురు. రసము వాని మధ్య ఆగక పారుచుండును.

పలు మళ్ళ ఏర్పాటును మేయర్, స్ట్రాస్ అనువారు 1940 లో సూచించిరి. అమెరికాలో జూడా, మెక్‌రే అనువారు 1950 లో గట్టి పొరలను తయారుచేసిన పిమ్మట ఉప్పునీటిని మంచినీటిగా మార్చుటకు ఈ యంత్రములు వాడుకలోనికి వచ్చినవి. జపాను దేశములో సముద్రపు ఉప్పును తీయుటకు ఉప్పుమళ్ళ పద్ధతికి బదులుగ 1972 నాటికి ఈ పొరల పద్ధతినే చేపట్టిరి. మన దేశములో గుజరాతులోని భావనగర్‌లో నున్న కేంద్రీయ ఉప్పు, సముద్ర రసాయనముల పరిశోధనాలయము ఈ పొరలపై కృషి చేసినది.

నీటిని చీల్చు పొర

పైన చెప్పిన యంత్రమున లభించునది లాక్టేటు లవణము, ఆమ్లము కాదు. లవణము నుండి ఆమ్లమును పొందవలెనన్న ఉదజని కావలెను. పూర్వము దానిని గంధకామ్లమునుండి పొందుచుండిరి. దీనికి బదులు మూడవ రకపు పొరను వాడవచ్చును. రెండు విధముల పొరలను వెన్నుకు వెన్ను అతికించినట్లు ఇది యుండును. కరెంటు పారినపుడు ఈ అతుకులోనికి చేరిన నీరు చీలిపోయి, ఒక వైపునకు ఉదజని అయాను, రెండవ వైపునకు హైడ్రాక్సిల్ అయాను వెడలును.

ఉదజని లాక్టేటుతో కలిసిన మడిలో లాక్టిక్ ఆమ్లము తయారగును. హైడ్రాక్సిల్ సోడియముతో కలిసిన మడిలో కాస్టిక్ సోడా, పొటాషియముతో కలిసిన మడిలో కాస్టిక్ పొటాషు తయారగును. ఈ క్షారమును తిరిగి పులియు తొట్టెలోనికి పంపి, సున్నమునకు బదులుగ పులుపును విరుచుటకు వాడవచ్చును. ఇట్లు క్షారము బండిచక్రము వలె తిరిగి తిరిగి వచ్చును. సున్నము కొననక్కరలేదు; గంధకామ్లము కొననక్కరలేదు; జిప్సం మిగులదు. వీనికి బదులుగ కట్టవలసినది కరెంటు బిల్లు, పొరల ఖరీదు.

ఇచ్చట ఒక మెలిక కలదు. లాక్టిక్ ఆమ్లము పూర్తిగ అయానులుగ విడిపోవునది కాదు. ఉదజని సూచిక 4 వద్ద నున్న పాతర రసములో సగమునకు కొంచెము హెచ్చుగ మాత్రమే లాక్టేటు అయానుగ నుండును. మిగిలినది విద్యుత్తు లేని ఆమ్లముగనే యుండి కరెంటు లాగినను కదలదు. అందుచేత రసమునకు ముందు క్షారమును కలిపి పులుపు విరిచి, పిదప యంత్రములోనికి పంపవలెను. యంత్రము తిరిగి ఇచ్చు క్షారమే ఇందుకును పనికివచ్చును.

పది టన్నుల మేతకు లెక్క

పది టన్నుల పచ్చిమేతను పాతర వేసినామనుకొందము. నూటికి 20 పాళ్ళు ఎండు పదార్థమున్నచో అది 2000 కిలోలు. అందులో నూటికి 6 పాళ్ళు ఆమ్లమనుకొనిన 120 కిలోలగును. ఇదంతయు చిక్కినదనుకొనియే లెక్క వేయుదము. నిజముగ రసములోనికి వచ్చునది ఇందులో కొంతయే.

పాత పద్ధతిలో 120 కిలోలకు సుమారు 49 కిలోల తడి సున్నము, 65 కిలోల గంధకామ్లము పట్టును. 115 కిలోల జిప్సం మిగులును.

కరెంటు పద్ధతిలో ఒక కిలో ఆమ్లమునకు 298 ఆంపియరు-గంటల విద్యుత్తు పారవలెను. ట్రాక్టరు బ్యాటరీపై 100 ఆంపియరు-గంటలని వ్రాసియున్నచో, అట్టివి మూడింటి విద్యుత్తు అన్నమాట. నూరు జతల మళ్ళు దొంతరగ నున్నచో ఒకే కరెంటు నూరు చోట్ల పనిచేయును. అపుడు 36 ఆంపియరుల కరెంటు 10 గంటలు పారిన 120 కిలోలకు సరిపోవును. జతకు 2 వోల్టుల చొప్పున 200 వోల్టులు వేసికొనిన, పది గంటలకు 72 యూనిట్లు ఖర్చగును. అనగా పది హార్సుపవరు మోటారు పది గంటలు నడచినంత. ఇది చాల తక్కువలో తక్కువ లెక్క. కరెంటు కొంత వృథాయగును. పంపులకు వేరుగ కావలెను. చివర పలుచని ఆమ్లమును చిక్కబరచుటకు ఆవిరి కావలెను. వీనినన్నిటిని కలుపుకొనక "కిలోకు అర యూనిటు చాలును" అని చెప్పువారి మాటను నమ్మరాదు.

యంత్రమునకు గల అడ్డంకులు

ఒకటి, మురికి. రసములోని మాంసకృత్తులు, జిగురు, నలుసులు పొరలపై పేరుకొని దారి మూసివేయును. అందుచేత రసమును మొదట సన్నని వడపోత పొరలగుండ పంపి తేటపరచవలెను.

రెండు, కాల్షియం, మెగ్నీషియం. మన బోరునీటిలో పాత్రల అడుగున గార పట్టుట చూచుచున్నాము గదా. నీటిని చీల్చు పొర వద్ద క్షారము పుట్టుచుండును గనుక ఇవి అచ్చటనే గారగట్టి పొరను చెడగొట్టును. ముందుగనే వీనిని తీసివేయవలెను.

మూడు, తోడు వచ్చు లవణములు. పొర లాక్టేటును, క్లోరైడును గుర్తుపట్టి వేరుచేయజాలదు. ఋణ అయానైన చాలును, పోనిచ్చును. పచ్చిమేత రసములో క్లోరైడు కూడ ఉండును గనుక అది ఆమ్లముతో కలిసి వచ్చును. తరువాత మరల శుద్ధి అవసరము.

నాలుగు, పోటీ. జిప్సం బాధను తప్పించుకొనుటకు పులుపును తట్టుకొను ఈస్టు రకములను కూడ శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. వానితో పులియబెట్టినచో అంత సున్నము వేయనక్కరలేదు. కాబట్టి కరెంటు యంత్రమొక్కటియే దారి యనుకొనరాదు.

ఆస్ట్రియా దేశపు అనుభవము

పాతరగడ్డి రసము నుండియే ఆమ్లమును తీయు ప్రయత్నము ఆస్ట్రియా దేశములో జరిగినది. అచ్చట పశువుల సంఖ్య తగ్గి పచ్చికబయళ్ళలోని గడ్డి మిగిలిపోవుచుండెను. గడ్డిని కోయకున్న బయలు అడవి పట్టును. కోసిన తినుటకు పశువులు చాలవు. ఈ గడ్డిని ఏమి చేయవలెనను ప్రశ్నకు సమాధానముగ ఎగువ ఆస్ట్రియా రాష్ట్రమున ఊట్సెనైహ్ అను గ్రామములో 2009 ప్రాంతమున ఒక ప్రయోగ కర్మాగారమును నడిపిరి.

అచ్చట గడ్డిని ముందు పాతర వేసి మాగబెట్టుదురు. దీనివలన రెండు లాభములు. గడ్డి సంవత్సరము పొడుగున నిలువయుండును. చక్కెర పాతరలోనే ఆమ్లముగ మారును గనుక వేరుగ పులియబెట్టనక్కరలేదు. తరువాత పాతరగడ్డిని మరలో పిండి రసమును, పిప్పిని వేరుచేసిరి. రసమును సన్నని వడపోత పొరలగుండ పంపి, ఆపై కరెంటు పొరల యంత్రమును ఉపయోగించి లాక్టిక్ ఆమ్లమును, మాంసకృత్తుల నుండి విడివడిన అమైనో ఆమ్లములను వేరుపరచిరి.

ఈ అనుభవము వలన పని సాధ్యమేనని తెలిసినది. కాని ఆ పరిస్థితిని గమనింపుడు. అచ్చట గడ్డి మిగులు. మన గ్రామములలో వేసవికి పచ్చిమేతయే కరవు. మిగిలిన గడ్డికి తగిన ఉపాయము, చాలని గడ్డికి తగినది కాదు.

రైతు చూడవలసిన జమాఖర్చు

పశువునకు పాతరగడ్డిలోని లాక్టిక్ ఆమ్లము వ్యర్థము కాదు. పశువు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దానిని మార్చి పశువునకు శక్తినిచ్చు పదార్థముగ చేయును. రసమును పిండి తీసిన పిప్పిలో పీచు మిగులును గాని బలము తగ్గును.

అంతకంటె ముఖ్యమైనది పొటాషు. పచ్చిమేత ఎండు పదార్థములో 100 కిలోలకు ఒకటి నుండి మూడు కిలోల పొటాషియముండును. పైన లెక్కించిన పది టన్నుల మేతలో అది 20 నుండి 60 కిలోలు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ లెక్కన 40 నుండి 120 కిలోలు; అనగా ఇంచుమించు ఒక బస్తా మొదలు రెండు బస్తాలకు పైబడి. పొటాషియము నీటిలో కరగియుండును గనుక గడ్డిని పిండినపుడు అందులో చాల భాగము రసముతోనే వెడలును. మేతను పశువు తినినచో ఆ పొటాషు పేడ, మూత్రముల ద్వారా తిరిగి పొలమునకు చేరును. రసమును అమ్మివేసినచో మన నేలసారమును ఆమ్లముతో పాటు ఉచితముగ ఇచ్చివేసినట్లే. యంత్రమున కాస్టిక్ పొటాషు రూపమున దొరకు క్షారము మన పొలమునుండి వెడలిన పొటాషేయని మరువరాదు.

కాబట్టి ఆ పెద్ద రైతునకు మా సమాధానమిది: నలుగురు రైతులు కలిసి ఇట్టి యంత్రమును పెట్టుకొనుట నేటి స్థితిలో గిట్టుబాటు కాదు. తేటపరచుట, గార తీయుట, చిక్కబరచుట, పరీక్షించుట అన్నియు తెలిసిన పనివారితో, ఎడతెగక రసము వచ్చుచోట మాత్రమే ఇది నడచును. ఇంటివద్ద డ్రమ్ములో తీగలు ముంచి ప్రయత్నించుట ప్రమాదము. ఉప్పు గల రసములో కరెంటు పారిన విషవాయువగు క్లోరిను పుట్టవచ్చును, కాస్టిక్ క్షారము చేతులను, కన్నులను కాల్చును.

ఎవరైనను మీ ప్రాంతమున ఇట్టి కర్మాగారమును పెట్టి మేతను గాని, మొక్కజొన్నను గాని కొనవచ్చినచో ఈ ప్రశ్నలను అడుగుడు. ఆమ్లము తీసిన పిమ్మట మిగిలిన ద్రవమును ఎచ్చట విడుతురు? అందులోని పొటాషును పొలములకు తిరిగి ఇత్తురా? పిప్పిని పశువులకు తిరిగి ఇత్తురా? ధరను పచ్చిబరువుపై కట్టుదురా, ఎండు పదార్థముపై కట్టుదురా? వీనికి కాగితముపై జవాబు లేనిదే ఒప్పందము చేసికొనరాదు.

ముఖ్య విషయములు

1. పాతర రసములోని పులుపు లాక్టిక్ ఆమ్లము. పాత పద్ధతిలో టన్ను ఆమ్లమునకు ఇంచుమించు టన్ను జిప్సం మిగులును. కరెంటు పొరల పద్ధతిలో అది మిగులదు.

2. కరెంటు అయానులను మాత్రమే లాగును. చక్కెర వెనుక నిలుచును. క్లోరైడు, పొటాషు వెంట వచ్చును.

3. మీ పాతర నుండి రసము ఎక్కువగ కారుచున్నచో మేతలో తడి హెచ్చినదని తెలియుడు. మొక్కజొన్నను గింజ పాలు చిక్కబడి పిండిగ మారు దశలో కోయుడు. లేత గడ్డిని ఒక పూట వాడనిచ్చి పాతర వేయుడు. పులుపు, పొటాషు మేతలోనే నిలుచును.

4. కారిన రసమును బావి, చెరువు, కాలువల దరికి పోనీయరాదు. అది నీటిలోని ప్రాణవాయువును హరించి చేపలను చంపును. సమానముగ నీరు కలిపి, పైరు లేని పొలములో పలుచగ చల్లుడు. అమ్ముకొనుటకు యంత్రము లేకున్నను, ఆ పొటాషు మీ పొలమునకే దక్కును.